పాప నా పోలిక కాదు

మా అక్క కూతురికి నా పోలిక వచ్చిందని మా ఇంట్లో అందరూ అనుకునేవారు. ముఖంలో కాదు, ముఖం అచ్చంగా మా బావదే. మాట్లాడకపోవడంలో నా పోలిక అని.

ఎవరైనా ఇంటికి వచ్చి, గడ్డం పట్టుకుని పేరడిగితే పాప వాళ్ల ముఖంకేసి చూసేది కాదు. గాజుల మీద మెరిసే వెలుతురునో, గోడ మీద పడిన ఎండనో చూస్తూ నిలబడేది. మా అవ్వ వెంటనే అందుకునేది.

"దాన్ని అడిగితే యాడ చెప్తాది? అంతా చిన్నమ్మ పోలిక. ఇది కూడా చిన్నప్పుడు అట్లే ఉండె. చుట్టాలొస్తే వడ్ల మూటల ఎనక దూరుకునేది. ఇప్పుడు మాత్రం ఏం తక్కువ? తలుపెనక నిలబడి వింటా ఉంటాది, పోయి చూడు!"

నేను నిజంగానే తలుపు వెనక నిలబడి వింటూ ఉండేదాన్ని. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. కానీ పాప పుట్టాక ఆ మాట వింటే లోపల కొంచెం సంతోషంగా ఉండేది. ఇంతమంది ఉన్న ఇంట్లో, ఇన్నాళ్లకు, నాలాంటిది ఇంకొకటి పుట్టింది కదా అని.

ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాక నన్ను చదువు మాన్పించారు. అరవనాట ఉన్న మా ఊళ్లో, తెలుగు మాట్లాడే మావాళ్లు ఉండే వీధుల గుంపుని కోట అంటారు. ఒక్కో కోటకి ఒక చావడి. పెళ్లి కావలసిన పిల్ల తోడు లేకుండా చావడి దాటి వెళ్లకూడదు. పొద్దున మిల్లు సైరను, మా మాటలో సంగు, ఊదితే లేవడం, మధ్యాహ్నం సంగుకి అన్నాలు, సాయంత్రం సంగుకి దీపాలు. మధ్యలో ఉన్న సమయమంతా నాది, దానితో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

దాన్ని దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చదవడం రాయడం అంతా అరవంలోనే. పెళ్లి పత్రికలైనా అరవంలోనే వేయిస్తారు. మా ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చినవాడు తాత ఒక్కడే. పోయేముందు రెండేళ్లు పలక మీద దిద్దించి ఆ అక్షరాలు నాకు ఇచ్చాడు. తరవాత మద్రాసు నుంచి పోస్టులో వచ్చే తెలుగు వారపత్రిక చదివి చదివి, నాకు నోటిలో ఒక తెలుగు, కాగితం మీద ఇంకో తెలుగు అలవాటయ్యాయి. నా నోటుబుక్కు వంటింటి అరలో ఉప్పుజాడీ పక్కనే ఉండేది. ఒకసారి అక్క దాన్ని తిరగేసి చూసి, "ఏందే ఇది, జిలేబీలు పిండినట్టు!" అని మళ్లీ అక్కడే పెట్టేసింది.

బావది సేత్తూరు. అక్క కాన్పుకి మా ఇంటికి వచ్చింది. పాపకి తరచు జ్వరం వస్తుండేది, డాక్టరు దగ్గర్లో ఉంటాడని ఎక్కువ కాలం మా ఇంట్లోనే ఉండిపోయింది. బావ ఆదివారం బస్సులో వచ్చి సోమవారం వెళ్లేవాడు. కాబట్టి పాప బోర్లా పడిన రోజు, కూర్చున్న రోజు, మొదటి పన్ను, అన్నీ నేను చూశాను. చూసినవన్నీ రాశాను. వేరే రాయడానికి నా జీవితంలో ఏమీ జరగలేదు.

ఏడాది నిండిన మామిడికాయల రోజుల్లో పాప మూడు మాటలు అంది. అవ్వ, బువ్వ, దా. 'దా' అన్నది నన్నే. గుమ్మంలో నిలబడి, చేయి చాచకుండా, ఊరికే "దా" అంది. ఆ పేజీలో నేను ఆ అక్షరాన్ని మూడుసార్లు రాసుకున్నాను.

దీపావళి వచ్చేటప్పటికి ఆ మూడు మాటలూ లేవు. ఒక్కరోజులో పోలేదు. "ఈరోజు దా అనలేదు" అని ఒక పేజీలో ఉంటుంది. నాలుగు పేజీల తరవాత, "బువ్వ అనకుండా నా చేయి పట్టుకుని గిన్నె మీద పెట్టింది." ఎవరికైనా చెప్పి ఉండవలసింది. మళ్లీ వస్తాయిలే అనుకున్నాను. పైగా నేను ఏదైనా చెప్పడం మొదలుపెడితే అందరూ మాటలాపి నావైపు చూస్తారు. ఆ చూపు తప్పించుకోవడానికి నేను చాలా విషయాలు చెప్పకుండా వదిలేశాను. అందులో ఇది ఒకటి.

నాయన మిల్లు నుంచి నూలు చుట్టే ఖాళీ బాబిన్లు తెచ్చి పాప ముందు పోసేవాడు. పాప వాటిని గడప పొడుగునా ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చేది. ఎంత తిన్నగా ఉండేదంటే దారం పట్టి చూసినట్టు. ఎవరి కొంగైనా తగిలి ఒక్కటి కదిలితే ఊపిరి ఆగిపోయేంత ఏడుపు. "ఇంజినీరు అవుతాది" అని నాయన మురిసిపోయేవాడు.

రెండున్నరేళ్లప్పుడు అవ్వ పాప వెనక నిలబడి ఇత్తడి తాంబాళం గరిటెతో కొట్టింది. పాప తిరగలేదు. అవ్వ గరిటె కింద పడేసి కూలబడింది.

"చెవుడమ్మా! బిడ్డకు చెవుడు!"

ఇల్లంతా ఏడుపులు. నాకు మాత్రం అనుమానంగా ఉంది. మర్నాడు పాప వాకిట్లో బాబిన్లు పేరుస్తుంటే, నేను లోపల వంటింట్లో మురుకుల డబ్బా మూత మెల్లగా తీశాను. చిన్న చప్పుడు. పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. పక్కగదిలోంచి పేరు పెట్టి పిలిచాను. రాలేదు. మళ్లీ మూత తీశాను. వచ్చింది. ఈసారి అమ్మని లాక్కొచ్చి చూపించాను.

"చెవుడు కాదు, సరి. మరి ఏంది?" అంది అమ్మ.

అవ్వ రోజూ వసకొమ్ము తేనెలో అరగదీసి పాప నాలుక మీద రాసింది. దానితో కూడా మాట రాలేదు. చివరికి చావడిలో పెద్దమనిషిగా కూర్చునే మా పెదనాయన ఒక తీర్పు చెప్పాడు.

"ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. రెండూ ఒకేతూరి చెవిలో పడితే చిన్నబిడ్డ ఏది పట్టుకుంటాది? తెలుగు నిలిపేయండి. రేపు పళ్ళిక్కూడంలో చదువుకి కావల్సింది అరవమే గదా."

ఇలాంటి పొరపాటు మాబోటివాళ్లకే సాధ్యం. తరతరాలుగా రెండు భాషలూ మాట్లాడిన వాళ్లందరూ ఉన్నట్టుండి రెండు భాషలకు భయపడ్డారు. ఆరోజు నుంచి పాప ఎదుట తెలుగు మాట పలకకూడదని కట్టడి. అవ్వకి వచ్చిన అరవం కూరగాయలవాళ్లతో బేరమాడే అరవం. మనవరాలితో కూడా అదే గొంతుతో మాట్లాడేది, వంకాయలు పుచ్చులని దెబ్బలాడినట్టు. మధ్యలో నోరు జారి తెలుగు వచ్చేస్తే అమ్మ "సుమ్మా ఉండండి!" అని కసిరి ఊరుకోబెట్టేది. కొన్నాళ్లకి ఎవరూ నోరు జారకుండా ఉండటానికి మాట్లాడటమే తగ్గించేశారు.

అంతకుముందు సాయంత్రాలు నేను పాపని మేడ మీదికి తీసుకెళ్లేదాన్ని. పడమటి కొండల వెనక ఎండ దిగిపోయేదాకా దానితో మాట్లాడేదాన్ని. వారపత్రికలో చదివిన కథ చెప్పేదాన్ని. నాకు ఎవరి మీద కోపం వచ్చిందో చెప్పేదాన్ని. నేను గొంతు విప్పి మాట్లాడిన ఒకే ఒక మనిషి అదే. అది నా చేతికి చెంప ఆనించి కొండలకేసి చూసేది. వింటోందనే అనుకున్నాను.

కట్టడి వచ్చిన రోజే అక్క మేడ మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"నీ బుక్కు తెలుగు దాని చెవుల్లో పోసింది చాలు. పొద్దస్తమానం గొణిగి గొణిగి నువ్వే దాన్ని ఇట్ల చేసినావేమో."

మూడు మాటలూ ఎప్పుడు పోయాయో నోటుబుక్కులో ఉంది. నేను మేడ మీద కథలు మొదలుపెట్టింది ఆ తరవాతే. అయినా నోటుబుక్కు తెరవలేదు. ఆ తరవాత కూడా సాయంత్రాలు మేడ మీదికి వెళ్లాం, ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. ఒక ఏడాది అలా గడిచింది. పాపకి అరవం రాలేదు.

హిందీ వద్దన్న గొడవలు చల్లారి బస్సులు మళ్లీ సరిగ్గా తిరగడం మొదలయ్యాక పాపని మదురై తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు చెవి దగ్గర గంట కొట్టాడట, ఇనపకడ్డీ మోగించి పెట్టాడట. పాప కదల్లేదు. ఆయన జేబులోంచి మిఠాయి తీసి కాగితం విప్పగానే గిరుక్కున తిరిగిందట. చెవులు బాగున్నాయి, బుద్ధి ఎదగలేదు, ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హోములున్నాయి అని చీటీ మీద ఒక అడ్రసు రాసి ఇచ్చాడు. బావ ఆ చీటీ జేబులో పెట్టుకుని వచ్చాడు.

బావ చెడ్డవాడు కాదు. ఆ ఆదివారం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

"మనం ఉన్నంత కాలం సరి. మన ఎనక దాన్ని ఎవురు చూస్తారు? ఆడబిడ్డ. ఇప్పుడే అలవాటైతే మంచిది గదా."

అక్క విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. నాయన కల్పించుకుని, మద్రాసులో ఒక డాక్టరమ్మ ఉందని, ఇంగ్లండు సీమలో చదువుకుని ఇలాంటి పిల్లల్ని చూసి వచ్చిందని, చివరిగా ఆమెకి కూడా చూపిద్దామని అన్నాడు.

"సరి మామా. ఆమె కూడా అదే చెప్తే హోముకే. ఇంక దాని మీద మాట ఉండకూడదు," అన్నాడు బావ.

నాయన రాసిన ఉత్తరానికి డాక్టరమ్మ జవాబు రాసింది. పుట్టినప్పటినుంచి పిల్లని రోజూ చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వెంట రావాలి, ఏమైనా రాసిపెట్టి ఉంటే అది కూడా తేవాలి అని. నాయన చదివి వినిపించగానే అవ్వ నావైపు వేలు చూపించింది.

"ఇది ఉండాది గదా! పుట్టినప్పట్నుంచి రాస్తానే ఉండాది!"

అందరూ మాటలాపి నావైపు చూశారు.

అలా నేను మొదటిసారి మదురై దాటి వెళ్లాను. తెల్లవారి రైలు చెంగల్పట్టులో ఆగినప్పుడు నాయనా బావా కాఫీ కోసం దిగారు. పాప కిటికీ ఊచల్ని ఒక్కొక్కటే తడుముతోంది. అక్క నా పక్కకి జరిగి కూర్చుంది.

"దాంట్లో ఏమేమి రాసినావో నాకు తెలీదు. ఎవురికీ తెలీదు. నువ్వు ఏది చదివితే అదే ఉండాదని అందరూ అనుకుంటారు."

నేను నోటుబుక్కు ఒళ్లోకి తీసుకున్నాను.

"మంచివి చూసి చదువు. లేకుంటే నా బిడ్డను హోములో పడేస్తారు. తెలిసిందా?"

"ఊ" అన్నాను.

డాక్టరమ్మ గదిలో మందుల వాసన లేదు. ఆమె కుర్చీలో కూడా కూర్చోలేదు. నేల మీద చాప వేసుకుని పాపకి ఎదురుగా కూర్చుంది. గుండ్రం, చదరం, నక్షత్రం ఆకారాల్లో గుంతలు కోసిన చెక్క, వాటిలో పట్టే ముక్కలు ముందు పెట్టింది. చూస్తుండగానే పాప అన్నీ పెట్టేసింది. తీసి మళ్లీ పెట్టింది. అక్క ముఖం విప్పారింది.

తరవాత డాక్టరమ్మ బొమ్మ ఇచ్చింది. పాప దాన్ని ఎత్తుకోలేదు, తలకిందులు చేసి కనురెప్పలు మూసుకోవడం తెరుచుకోవడం చూసింది. డాక్టరమ్మ ఖాళీ కప్పు ఎత్తి తాగినట్టు నటించి కప్పు పాపకిచ్చింది. పాప దాన్ని నేల మీద గిర్రున తిప్పింది. డాక్టరమ్మ పేరు పెట్టి ఇటు రమ్మని పిలిచింది, ఒకసారి అరవంలో, ఒకసారి నాయనని అడిగి తెలుసుకుని మా తెలుగులో. పాప రెండింటికీ తిరగలేదు. డాక్టరమ్మ మిఠాయి చూపించి సొరుగులో పెట్టి మూసేసింది. అప్పుడు పాప లేచి, డాక్టరమ్మ ముఖంకేసి చూడకుండానే ఆమె మణికట్టు పట్టుకుని సొరుగు పిడి మీద పెట్టింది. సరిగ్గా నా చేతిని గిన్నె మీద పెట్టినట్టే.

డాక్టరమ్మ అన్నీ కాగితం మీద రాసుకుంటోంది. తరవాత అక్కని అరవంలో అడిగింది. ఎత్తుకోబోతే చేతులు చాచేదా? కావలసింది వేలుతో చూపిస్తుందా? ఏదైనా వింత కనిపిస్తే మీకు చూపించాలని తెస్తుందా? భయమేస్తే మీ ముఖం చూస్తుందా?

"అన్నీ చేస్తుందమ్మా," అంది అక్క. "అమ్మా అని కూడా పిలుస్తుంది. కొత్తవాళ్లంటే సిగ్గు, అంతే. మా చెల్లెలి పోలిక."

డాక్టరమ్మ తలెత్తి నావైపు చూసింది. నేను చప్పున తల దించుకుని, కొంగు లాక్కుని, నాయన వెనక్కి జరిగాను.

ఆమె చాప మీద కొంచెం ముందుకు జరిగింది. తరవాత మెల్లగా నన్నే అడిగింది.

"ఇప్పుడు నేను చూడగానే మీరు దాక్కున్నారు కదా. పాప ఎప్పుడైనా ఇలా దాక్కుందా?"

నాలుగేళ్లు నోటుబుక్కులో రాస్తూ కూడా నాకు ఆ ప్రశ్న తట్టలేదు. దాక్కోవాలంటే ఎదుటివాళ్లు చూస్తున్నారని తెలియాలి. నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గదిలోకి ఎవరు వచ్చినా వాళ్ల చూపు నా ఒంటి మీద ఎక్కడ పడిందో చెప్పగలను. నా సిగ్గంతా అదే. పాప ఏ రోజూ తలుపు వెనక్కి వెళ్లలేదు. ఎంతమంది ఉన్నా గది మధ్యలో, తనొక్కతే ఉన్నట్టు, కూర్చునేది.

"లేదు," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను, "లేదమ్మా. ఎప్పుడూ దాక్కోలేదు."

"రాసినది ఏమైనా తెచ్చారా?"

నోటుబుక్కు తెరిచాను. ఆ గదిలో ఆ అక్షరాలు చదవగలిగేది నేనొక్కదాన్నే. అక్క నా వేళ్లకేసి చూస్తోంది. పేజీలో ఏముంటే ఏం, "ఈరోజు అమ్మా అంది" అని అరవంలో చెబితే అదే నిజమవుతుంది. బావ జేబులో చీటీ అలాగే ఉంది. నేను వేలు పెట్టిన చోట, "ఈరోజు దా అనలేదు" అని ఉంది.

అదే చదివాను. తెలుగులో చూసి అరవంలో చెబుతూ, తడబడుతూ చదివాను. మూడు మాటలు, అవి పోయిన వరస, గిన్నె మీద చేయి, బాబిన్లు, మురుకుల డబ్బా. అక్కకి జ్వరం వచ్చి పడుకుని ఏడుస్తున్న రోజు పాప ఆమెని దాటుకుంటూ వెళ్లి మంచం కింద బాబిన్ తీసుకుని వచ్చేసిన సంగతి.

"చాలు," అంది అక్క తెలుగులో. "చాలు నిలిపేయి."

నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం రాదని తెలుసు. సాయంత్రాలు మేడ మీద నా చేతికి చెంప ఆనించేదని ఉన్న పేజీ కూడా చదివాను. డాక్టరమ్మ అక్కడ కలం ఆపింది. "అది కూడా ముఖ్యమే," అని రాసుకుంది.

చివరికి ఆమె ఒక కాగితం మీద ఇంగ్లీషులో ఒక మాట రాసి ఇచ్చింది. ఆటిజం. ఇది చెవుడు కాదు, పిచ్చి కాదు, ఊరికే బుద్ధిమాంద్యం అని పక్కన పెట్టేసేది కూడా కాదు అంది. ఇక్కడ దీన్ని గుర్తుపట్టేవాళ్లు తక్కువ, మందు లేదు, ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు అంది. రెండు భాషల వల్ల రాలేదు, మీరు ఇంట్లో ఏది మాట్లాడతారో అదే మాట్లాడండి అంది. తరవాత అక్కకేసి తిరిగింది.

"తల్లి దగ్గరికి తీయకపోవడం వల్ల వస్తుందని కొందరు డాక్టర్లు అంటారు. నేను ఇలాంటి తల్లుల్ని చూశాను. నేను నమ్మను."

అక్క కన్నీళ్లు తుడుచుకోలేదు. బావ హోము సంగతి అడిగాడు. హోములో ఒక మూల కూర్చోబెడతారు, అక్కడే ఉండిపోతుంది, ఇంట్లో ఉంటే ఏదైనా నేర్పవచ్చు, ఏడాది తరవాత తీసుకురండి అంది. నిజానికి మీరు సిగ్గు అన్న మాట ఒక్కటే చెప్పి ఉంటే, ఇంకొన్నాళ్లు చూడమని టానిక్కు రాసి పంపేదాన్నేమో అని కూడా అంది.

బావ చీటీ తీసి చూశాడు. చించలేదు. మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఒక ఏడాది చూద్దాం," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో అక్క నాతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చిన వారంలో సామాను సర్దుకుంది. సేత్తూరు బస్సుకి బయల్దేరేముందు మాత్రం నా ఎదుట నిలబడింది.

"ఇన్నాళ్లూ నీ పోలిక అని చెప్పుకోని ఓర్చుకున్నాను. అది కూడా లేకుండా చేసినావు."

పాప నావైపు చూడకుండా బస్సెక్కింది. చూస్తుందని నేను అనుకోలేదు.

ఇంట్లో మళ్లీ తెలుగు మొదలైంది. అవ్వ ఏడాదిపాటు దాచుకున్న తిట్లన్నీ ఒక్కసారి బయటికి తీసింది. వీధి చివరిదాకా వినిపించేది. నాకు ఆ సందడిలో ఏమీ తోచేది కాదు. మా పాత బడి హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి అమ్మని తోడు తీసుకుని వెళ్లి, ఆమె పెద్ద డిక్షనరీలో డాక్టరమ్మ రాసిచ్చిన మాట వెతికాను. లేదు. సాయంత్రం మేడ మీదికి వెళ్లాను. ఒక మూల బాబిన్ ఒకటి దొర్లి పడి ఉంది. చెప్పుకోవడానికి కథ ఉంది, మాట్లాడటానికి అడ్డు లేదు, వినేవాళ్లు లేరు. పాప అప్పుడు వినేదో లేదో నాకిప్పుడు తెలియదు కూడా. నాలాంటిది ఇంకొకటి ఉందనుకున్న నాలుగేళ్లూ నేను ఒంటరిగానే ఉన్నానని, కొండలకేసి చూస్తూ అప్పుడు అర్థమైంది.

నాలుగు నెలలు అక్క దగ్గరనుంచి కబురు లేదు. పండక్కి కూడా రాలేదు. నేను నోటుబుక్కులో తేదీ రాసి కింద ఏమీ రాయకుండా వదిలేసిన పేజీలు చాలా ఉన్నాయి.

ఒకరోజు పోస్టుకార్డు వచ్చింది. నా పేరు మీద. అక్క మా ఇంటి తెలుగునే పెద్ద పెద్ద అరవ అక్షరాలతో రాసింది. క్షేమ సమాచారం లేదు, ఎలా ఉన్నావని లేదు.

"మంగళవారం: బస్సు హారనుకి తిరిగింది. నేను పిలిస్తే తిరగలేదు. మూడుసార్లు పిలిచినాను. బుధవారం: నా చెయ్యి తీసి చెంబు మీద పెట్టింది. పెట్టినాక ఒకతూరి నా మొగం చూసింది. చూసిందనే అనుకుంటాను. నీ నోటులో రాసిపెట్టు."

వంటింటి అరలోంచి నోటుబుక్కు తీశాను. అక్క రాసిన వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోకి ఎక్కించాను. 'తిరగలేదు' అన్న మాటని కూడా, అక్క రాసినట్టే.